ప్రార్థన గోడతో మాట్లాడినట్టుంది, చర్చికి వెళ్లడం మానేయాలా?

వందనాలు బ్రదర్. అమ్మగారి కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండి ప్రార్థించారు, అయినా ఆమె దక్కలేదు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో కొత్త ఏడాదికని వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డులో మీకు యిర్మీయా 29:11 వచ్చింది: మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావని దేవుడు చెప్పే మాట. చర్చిలో చెప్పుకుంటే "విశ్వాసం చాలలేదు" అన్నారు. చర్చి మానొద్దు. అలాగని ఇప్పుడు చేస్తున్నట్టే చేస్తూ పోవద్దు కూడా.

ముందు సందేహం ఏ రకమో తేల్చుకోండి. దేవుడున్నాడా అన్నది ఒకటి, ఉండి కూడా నన్ను పట్టించుకోలేదేం అన్నది ఇంకొకటి. మీది రెండోది. దీనికి వాదనల పుస్తకాలు, వీడియోలు ఎన్ని చూసినా పనిచేయవు. మీకున్నది ఫిర్యాదు. దాన్ని ఆయన ముందే పెట్టాలి.

ఆ కార్డు సంగతి. 11వ వచనానికి ముందు 10వది చదవండి: బబులోనులో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానన్నాడు దేవుడు. అది యిర్మీయా ప్రవక్త అక్కడి చెరవాళ్లకు పంపిన ఉత్తరం. దాన్ని విన్న పెద్దవాళ్లు చాలామంది అక్కడే కన్నుమూసి ఉంటారు. చెరలో ఉన్న ఒక జనాంగానికి చెప్పిన మాట అది. ఈ ఏడు మన ఇంట్లో ఎవరికీ ఏమీ కాదన్న హామీ అందులో లేదు. కార్డులు పంచేవాళ్లు ఈ ముక్క కూడా చెబితే బాగుండేది.

ప్రార్థనకు 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఫిర్యాదు, 3, 4లో విన్నపం, 5, 6లో నమ్మిక. రోజూ ఒకే వేళకు బయటికి చదివి, ఒక్కో భాగం కింద మీ మాట ఒక్క వాక్యం రాయండి. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అన్నచోట అమ్మగారి పేరే రాయండి. పది నిమిషాలు చాలు. చాలామంది తడబడేది నమ్మిక భాగంలో: మనసులో లేని మాట రాస్తారు, నాలుగు రోజులకే మొత్తం మానేస్తారు. రానప్పుడు అక్కడ ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన చివరి వచనం కూడా చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లో ఉంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి ఏ వాక్యం వస్తే అది మీకేనని పట్టుకోవడం మాత్రం ఇప్పుడు వద్దు. దర్శనం చెబుతారని కొత్త కొత్త కూడికలకు తిరగడమూ వద్దు.

సందేహం ఉందని ప్రభు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, దూరంగా ఉంటున్నానని రాశారు. దాన్ని "అయోగ్యముగా" తీసుకోవద్దన్న పౌలు మాటకు భయపడ్డారు గానీ, 1 కొరింథీ 11లో 21, 22 వచనాలు చూడండి. కొందరు ముందే తిని తాగి, పేదవాళ్లను ఆకలితో వదిలేసి సిగ్గుపరిచారు. పౌలు మందలించింది వాళ్లను. అక్కడ సందేహించేవాళ్ల ప్రస్తావనే లేదు. యేసు తిరిగి లేచాడని శిష్యుడు తోమా ఎనిమిది రోజులు నమ్మకుండానే శిష్యుల మధ్య ఉన్నాడు, వాళ్లూ వెళ్లగొట్టలేదు. పాటలు పాడలేకపోతే ఊరికే నిలబడండి.

ఎవరైనా సందేహించకుండా అడగాలనే యాకోబు 1:6 చూపించి దబాయిస్తే వాదించకండి. యూదా పత్రిక 22వ వచనంలో "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని ఉందని చెప్పి ఊరుకోండి. సాక్ష్యాల సమయంలో అందరి ముందూ ఇది విప్పొద్దు. వినగానే సలహా మొదలుపెట్టని మనిషిని ఒక్కరిని చూసుకుని, వారానికోసారి కూర్చోండి. పాస్టరు గారే కానక్కర్లేదు, చర్చిలో ఓ పెద్దావిడైనా సరే.

రాత్రిళ్లు నిద్ర లేదన్నారు. చనిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి తినిపించాడు. ఆ తర్వాతే దేవుడు అతనితో మాట్లాడిన హోరేబు కొండ. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి రాకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆరోజే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.