సగం సామాను తీసేసినా హాలు ఇరుకుగానే ఉందంటే

చిక్కు సామాను ఎంతుందన్న దాంట్లో కాదు, ఎక్కడుందన్న దాంట్లో ఉండి ఉంటుంది. గుమ్మంలో నిలబడితే చూపు ఎదుటి గోడదాకా వెళ్లాలి. మధ్యలో సోఫా వీపో, ఎత్తైన బీరువానో తగిలితే గది అక్కడితో అయిపోయినట్టే అనిపిస్తుంది.

1. ముందు గుమ్మంలోంచి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. చాలామంది వదిలేసేది ఇదే. రోజూ చూసే అడ్డాలు కంటికి అలవాటైపోతాయి, ఫొటోలో మాత్రం ఇట్టే దొరికిపోతాయి.

2. గుమ్మానికీ కిటికీకీ మధ్య నడుము ఎత్తు దాటిన వస్తువేదీ ఉంచకండి. బీరువాను గుమ్మం ఉన్న గోడకే ఆనించండి; లోపలికి వస్తుంటే అది మీ వెనకే ఉండిపోతుంది, చూపుకు అడ్డం రాదు. గది తలుపు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూసి, బీరువాను గోడకు బిగించండి.

3. నడిచే దారి కనీసం 75 సెం.మీ. వదలండి.

4. సోఫాకు కాళ్లుంటే దాని కింద ఏమీ తోయకండి. అక్కడి నేల కనిపించాలి.

5. కర్టెన్ రాడ్ కిటికీకి అటూ ఇటూ 15–20 సెం.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడే తెర పక్కకు లాగితే అద్దమంతా బయటపడుతుంది.

కొత్త అరలు, డబ్బాలు మాత్రం ఇప్పుడే కొనకండి. ముందు ఈ మార్పులు చేసి, అదే చోటునుంచి మళ్లీ ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.