పాత కాగితాల చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి ఇంటర్ నుంచీ ఆర్ట్సే. ఇప్పుడు ఎంఏ హిస్టరీ ఫైనలియర్. ఢిల్లీలో పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డిప్లొమా చేస్తానంటోంది. బెంగళూరులో డేటా సైన్స్ కోర్సు చేయిస్తే మేలని నా ఆలోచన. ఏది మంచిది?

జవాబు: కోర్సుల పేర్లు మారతాయి కానీ నాకొచ్చే ఉత్తరాల్లో భయం ఒకటే. అమ్మాయి ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి? ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

డేటా సైన్స్ చెడ్డదని అనను. దానికి స్టాటిస్టిక్స్ పునాది కావాలి. పదో తరగతితోనే లెక్కలు వదిలేసిన పిల్ల ఆరు నెలల సర్టిఫికెట్‌తో, నాలుగేళ్లు కోడింగ్ చేసిన బీటెక్ పిల్లలతో పోటీ పడాలి. ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూస్తూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ బీటెక్ పిల్లలే ఎక్కువ. ఉద్యోగం గ్యారంటీ అనే ఇన్‌స్టిట్యూట్‌ను ఆ మాట రాసిమ్మనండి, చూద్దాం. ఇంకో మాట, నొచ్చుకోకండి. ఉత్తరంలో మీ ఆలోచన ఉంది గానీ, ఆమెకు ఆ డిప్లొమా ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా?

నేషనల్ ఆర్కైవ్స్ 1891లో కలకత్తాలో మొదలైన సంస్థ. నేపాల్, టిబెట్, భూటాన్, బర్మాలతో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఉత్తరాల ఫైళ్లు అక్కడున్నాయి. చైనా సరిహద్దు మాట వస్తే, బ్రిటిష్ ఇండియా టిబెట్‌తో సరిహద్దు గీసుకున్న 1914 సిమ్లా ఒప్పందం దాకా వెళ్లాల్సిందే. అలాంటి కాగితం చినిగితే పల్చటి టిష్యూ అతికించి నిలబెట్టాలి, అడిగిన రోజు వెతికి తీసివ్వాలి. డిప్లొమాలో నేర్పేది ఈ పనే. మన తుంగభద్ర సంగతే చూడండి. ఆ నీళ్ల పంపకంపై 1944లో మద్రాసు, హైదరాబాద్ చేసుకున్న ఒప్పందమే, తర్వాత కృష్ణా నీటి వాటాలు తేల్చే ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది.

పోస్టులు తక్కువే, దాచను. ఆర్కైవిస్ట్ నోటిఫికేషన్ ఏటా రాదు. అయితే పుణెలో రిజర్వు బ్యాంకుకు, టాటా వాళ్లకు సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి. 1837 దాకా ఈస్టిండియా కంపెనీ కచేరీల్లో ఫార్సీయే నడిచింది, ఆ కాగితాలు చదవగలిగేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. అనంతపురంలో ఉర్దూ నేర్పేవాళ్లకు కొదవ లేదు. రెండింటి లిపీ దాదాపు ఒకటే, అది వస్తే ఫార్సీ దగ్గరవుతుంది.

నేషనల్ ఆర్కైవ్స్‌లోనే కొన్ని వారాల షార్ట్‌టర్మ్ కోర్సులున్నాయి. ముందు ఒకదానికి పంపండి. పని నచ్చితేనే డిప్లొమా. బెంగళూరు ఫీజుకు దాచిన డబ్బు ఢిల్లీ హాస్టల్‌కు ఉంచండి, ఈ నెలే ఆమెను ఉర్దూ క్లాసులో చేర్పించండి.