ఊరి అడవి హక్కు: గడువు దాటిందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. తాతల కాలం నుంచి ఊరి కొండ అడవిని ఠెంగపల్లి పద్ధతిలో, ఇంటింటికీ కర్ర మారుస్తూ కాపలా కాస్తున్నాం. మా నాన్నగారు ఆ కాపలాలోనే ప్రాణం విడిచారు. సామూహిక అటవీ వనరు హక్కు (ఊరి అడవిని ఊరే కాపాడుకుని నిర్వహించుకునే హక్కు) కోసం పల్లిసభ, అంటే మా ఊరి గ్రామసభ, పంపిన క్లెయిమును ప్రభుత్వ పత్రాలు లేవంటూ తిరస్కరించాలని సబ్ డివిజన్ కమిటీ సిఫారసు చేసింది. ఆ లేఖ చేతికంది 72 రోజులైంది. పాత తేదీతో ఒక తీర్మానం రాసి పెడదామని ఊరి పెద్ద ఒకరు అంటున్నారు. సరైనదేనా?

జవాబు: మీ ఉత్తరంలో ఫలితాన్ని తేల్చేది ఆ 72 అన్న అంకె ఒక్కటే. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇలాంటి సిఫారసుపై జిల్లా స్థాయి కమిటీకి 60 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. నియమం 12ఎ ప్రకారం ఆ కమిటీ తన విచక్షణతో మరో 30 రోజులు ఇవ్వవచ్చు. అది మీ హక్కు కాదు, అడిగి తెచ్చుకోవలసిన వెసులుబాటు. అర్జీకి మార్గం చూపే లేఖను రెండు నెలలకు పైగా ఇంట్లో ఉంచుకోవడం పెద్ద నిర్లక్ష్యం. ఉత్తరం రాసేనాటికి మిగిలినవి 18 రోజులే. జాప్యానికి నిజమైన కారణం రాసి వెంటనే అర్జీ ఇవ్వండి.

పాత తేదీ తీర్మానం జోలికి వెళ్లకండి. అది ఫోర్జరీ నేరం. పైగా ఆ ఒక్క కాగితంతో మీ నిజమైన సాక్ష్యమంతా అనుమానం పాలవుతుంది. అసలు దాని అవసరమే లేదు. ఫలానా రకం పత్రమే కావాలని కమిటీలు పట్టుబట్టరాదని నియమాలే చెబుతున్నాయి. నియమం 13 కింద ఒకటికి మించి సాక్ష్యాలుంటే చాలు: క్లెయిముదారులు కాని పెద్దల లిఖిత వాంగ్మూలం, దేవత చెట్టు, శ్మశానం, చెరువు, పశువులు మేసే చోట్లు. కాపలా వంతుల పుస్తకం, జరిమానాలు రాసిన పద్దు ఉంటే వాటి నకళ్లు జతచేసి, అసలు ప్రతులు ఊళ్లోనే ఉంచండి.

క్లెయిము తీర్మానం నాటి హాజరు పట్టికను కూడా సరిచూసుకోండి. సభకు సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవారిలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. ఈ లోపం ఉంటే దాచకుండా, క్లెయిమును పల్లిసభ పునఃపరిశీలనకు తిప్పి పంపమని అర్జీలోనే కోరండి. జిల్లా కమిటీ కాదంటే తరువాత మిగిలేది కటక్‌లోని హైకోర్టులో రిట్ పిటిషన్ మాత్రమే. కాబట్టి అర్జీ ఇచ్చాక తేదీ వేసిన రసీదు లేకుండా కార్యాలయం మెట్లు దిగకండి.