దెయ్యం చేపను ఆపే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. లీజుకు తీసుకున్న చెరువులో చేపలు పెంచుతున్నాను. మా అమ్మాయి బి.ఎఫ్.ఎస్‌సి. (మత్స్య శాస్త్రంలో డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. చదువు అయ్యాక ఏదైనా మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేరుతుందని అనుకున్నాం. ఇప్పుడేమో సరస్సుల్లోకి పరాయి చేపలు, కలుపు మొక్కలు రాకుండా అడ్డుకునే పనిలోకే వెళ్తానని, అందుకోసం అమెరికాలోని మిషిగన్‌లో ఎం.ఎస్. చేస్తానని పట్టుబడుతోంది. ఇలాంటి పనికి జీతం ఇచ్చేవాళ్లు ఉంటారా? అప్పు చేసి పంపమంటారా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అప్పు చేసి ఇప్పుడే అమెరికాకు పంపవద్దు. అలాగని అమ్మాయిని ఆ దారి నుంచి మళ్లించవద్దు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో వివరంగా రాస్తాను.

అమ్మాయి చెబుతున్న పరాయి చేపల్లో ఒకటైన దెయ్యం చేప గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. వలలో పడితే దాని ముళ్లకు వల చిరుగుతుంది, బజారుకు తీసుకెళ్తే కొనేవాడు ఉండడు, గట్లలో బొరియలు పెడుతుంది. దక్షిణ అమెరికా నదుల చేప ఇది. అక్వేరియం అద్దాలకు పట్టిన నాచు తింటుందని కొంటారు, పెరిగి తొట్టిలో పట్టనప్పుడు కాలువలో వదిలేస్తారు. గాలి పీల్చుకోగలదు కాబట్టి తడి ఉంటే చాలు, నీటి బయట కూడా చాలాసేపు బతుకుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లోని చెరువులు, జలాశయాల నుంచి నీటి నమూనాలు తీసుకుని పరిశీలిస్తే దాదాపు 60 శాతం చోట్ల దీని జాడ కనిపించింది. చేపను పట్టకుండానే, నీటిలో అది వదిలిన డీఎన్ఏ ఆనవాళ్లతో తేల్చిన సంగతి ఇది. ఈ విద్యను ఈ-డీఎన్ఏ అంటారు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మీ అమ్మాయి భవిష్యత్తుకు దానితో చాలా పని ఉంది.

మిషిగన్ పేరు ఆమె నోట ఊరికే రాలేదు. సరస్సులను పరాయి జీవుల నుంచి కాపాడే పని ఒక వృత్తిగా స్థిరపడిన చోటు అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఆ అయిదు మహా సరస్సుల ప్రాంతమే. ఆ కథ మీరు తెలుసుకుంటే ఆమె పట్టుదల అర్థమవుతుంది.

సీ లాంప్రే అని పాములా పొడవుగా ఉండే సముద్ర జీవి ఉంది. దవడలు ఉండవు. గుండ్రటి నోటితో చేపకు అంటుకుని రక్తం పీలుస్తుంది. నయాగరా జలపాతం అడ్డుగా ఉన్నంతకాలం పై సరస్సులకు దీని బెడద లేదు. ఓడల కోసం జలపాతాన్ని చుట్టి వెళ్లేలా తవ్విన వెలాండ్ కాలువ దానికి దారి ఇచ్చింది. 1921లో ఈరీ సరస్సులో కనిపించింది, 1930ల చివరికి పైనున్న సరస్సులన్నిటికీ పాకింది. ఒక్క లాంప్రే సుమారు 18 కిలోల చేపలను చంపగలదు. అంతకుముందు పై సరస్సుల్లో ఏటా కోటిన్నర పౌండ్ల లేక్ ట్రౌట్ చేపలు పట్టేవారు. 1960ల ఆరంభానికి అది దాదాపు మూడు లక్షల పౌండ్లకు పడిపోయింది. ఎన్ని మత్స్యకార కుటుంబాలు వీధిన పడి ఉంటాయో మీరు ఊహించగలరు.

అప్పుడు రెండు దేశాలు 1954లో ఒప్పందం చేసుకుని మహా సరస్సుల మత్స్య కమిషన్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. లాంప్రే పిల్లలు ఏళ్ల తరబడి వాగుల బురదలోనే పెరుగుతాయి కాబట్టి అక్కడే దెబ్బ కొట్టాలని మిషిగన్‌లోని హామండ్ బే కేంద్రంలో దాదాపు 6,000 రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. మిగతా చేపలకు పెద్దగా హాని చేయకుండా లాంప్రే పిల్లలను చంపే టీఎఫ్ఎం అనే మందు దొరికింది. 1958 నుంచి వాడుతున్నారు. వాగులకు అడ్డుకట్టలూ కట్టారు. లాంప్రేల సంఖ్య దాదాపు 90 శాతం తగ్గింది. అయినా పని ముగియలేదు. కరోనా ఆంక్షలతో 2020, 2021లో మందు వేయడం తగ్గగానే అవి మళ్లీ పెరిగాయి.

జీతం ఇచ్చేవాళ్లు ఉంటారా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒకసారి లోపలికి వచ్చిన జీవిని పూర్తిగా తరిమేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి దాన్ని అదుపులో ఉంచే ఉద్యోగం ఏటా ఉంటుంది. రాకముందే ఆపగలిగితే ఖర్చు చాలా తక్కువ అని ఆ దేశాలు నష్టపోయాక నేర్చుకున్నాయి. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప ఓడలు నిలకడ కోసం అడుగు తొట్లలో నింపుకునే నీటితో యూరప్ నుంచి వచ్చి 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించింది. మరుసటి ఏడాదే మిషిగన్‌లోని మన్రో పట్టణానికి తాగునీరు తెచ్చే గొట్టాన్ని మూసేసింది. దాని తరువాతే ఓడలు తమ తొట్లను నడిసముద్రంలో ఉప్పునీటితో కడిగి రావాలనే నిబంధనలు వచ్చి, క్రమంగా గట్టిపడ్డాయి. ఓడల ద్వారా కొత్త జాతుల రాక బాగా తగ్గింది. అదే సరస్సుల ప్రాంతంలోని మిన్నెసోటా రాష్ట్రంలో వేసవి వస్తే పడవల రేవుల దగ్గర తనిఖీ సిబ్బంది నిలబడతారు. పడవను శుభ్రం చేశారా, నీళ్లన్నీ తీసేశారా, ఆరబెట్టారా అని చూస్తారు. వాళ్లలో విద్యార్థులూ ఉంటారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ ఒక్క సమస్య కోసమే 2012 నుంచి ప్రత్యేక పరిశోధన కేంద్రం నడుస్తోంది.

మరి మన దగ్గర? కొల్లేరుకు అలాంటి కమిషన్ లేదు. అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ, చేపల కోసం మత్స్య శాఖ, కాలువల కోసం జలవనరుల శాఖ, భూముల కోసం రెవెన్యూ. నీళ్లు మాత్రం ఈ హద్దులేవీ పట్టించుకోవు. బుడమేరుకు, తమ్మిలేరుకు వరద వస్తే చెరువుల గట్లు తెగి అందులోని చేపలు సరస్సులోకి వెళ్తాయి. గుర్రపు డెక్క ఉప్పుటేరును పూడ్చేస్తే ఆ వరద సముద్రంలోకి పోదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించినా దొంగచాటు చెరువులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఉన్న ఇంత పెద్ద సరస్సుకు, ఏ కొత్త జీవి ఎప్పుడు ఎక్కడ కనిపించిందో నమోదు చేసే పక్కా వ్యవస్థ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని కట్టేది మీ అమ్మాయి లాంటి పిల్లలే, ఎందుకంటే వాళ్లకు చదువూ తెలుసు, ఊరూ తెలుసు.

అయితే ఒక విషయం ఆమెకు సూటిగా చెప్పండి. మన దేశంలో పరాయి జీవులను ఆపే అధికారి అనే పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు. ఆ పని వేరే పేర్లున్న ఉద్యోగాల లోపల ఉంటుంది. మత్స్య శాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో శాస్త్రవేత్త, హైదరాబాద్‌లోని భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర కేంద్రంలో ప్రాజెక్టు సిబ్బంది, సీసీఎంబీ లాంటి ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థి, పర్యావరణ ప్రభావ అంచనాలు చేసే కన్సల్టెన్సీలో జలజీవ నిపుణురాలు. అందుకే బి.ఎఫ్.ఎస్‌సి. పట్టాను చిన్నచూపు చూడవద్దు. నాలుగేళ్ల ఆ చదువే ఈ తలుపులన్నిటికీ తాళం చెవి.

నేనైతే వరుస ఇలా పెడతాను. ముందు ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే చదవాలి. ముంబయిలోని సీఐఎఫ్ఈలో (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) ఎం.ఎఫ్.ఎస్‌సి. (మత్స్య శాస్త్రంలో పీజీ) సీటు తెచ్చుకోవాలి. ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ గానీ ఆక్వాటిక్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ గానీ ఆమె లక్ష్యానికి దగ్గరగా ఉంటాయి. మంచి ర్యాంకు వస్తే స్కాలర్‌షిప్పూ ఉంటుంది, మీ మీద భారం పడదు. అక్కడ ప్రాజెక్టుగా ఈ-డీఎన్ఏ పనిని ఎంచుకోవాలి. దానితోపాటు చేపను చేతిలో పట్టుకుని జాతి చెప్పగలిగే వర్గీకరణ విద్య నేర్చుకోవాలి. ఇది పాతకాలపు చదువని పిల్లలు వదిలేస్తున్నారు. నిపుణులు తగ్గిపోతున్నారు కాబట్టే దానికి విలువ ఉంది. నీటిలో డీఎన్ఏ దొరికిందని యంత్రం చెప్పినా, అది ఏ జాతిదో నిర్ధారించడానికి సరిగ్గా గుర్తించిన అసలు చేప నమూనా ఉండాలి. మూడోది పటాలు, లెక్కలు. కంప్యూటర్‌లో పటాలు గీసే జీఐఎస్, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితంగానే నేర్చుకోవచ్చు.

ఆ తరువాత విదేశం. అమెరికాలో ఈ రంగపు ఎం.ఎస్. మన పిల్లలు వెళ్లే కంప్యూటర్ ఎం.ఎస్. లాంటిది కాదు. చాలావరకు ప్రొఫెసర్ దగ్గర ఒక ప్రాజెక్టు, దానికి నిధులు ఉంటాయి. ఆయన ఎంచుకున్న విద్యార్థికి ఫీజు మినహాయింపు, నెలకింత భృతి దొరుకుతాయి. కాబట్టి దరఖాస్తు కంటే ముందు ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయాలి. నేను కొల్లేరు పక్కన పెరిగాను, ఈ చేప మీద ఈ పని చేశాను అని రాసిన ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మిషిగన్ స్టేట్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాలతోపాటు కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయాన్నీ చూడమనండి, అక్కడ మహా సరస్సుల మీదే ఒక సంస్థ ఉంది. మూడేళ్ల ఉద్యోగ అనుభవం ఉంటే, అమెరికా, భారత ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కూ దరఖాస్తు చేయవచ్చు. పర్యావరణ శాస్త్రం అందులో ఒక విభాగం. నిధులు రాకపోతే వెళ్లకూడదు. సొంత డబ్బుతో ఈ చదువుకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఎందుకంటే, అక్కడే స్థిరపడతాననుకుంటే ఆశ పెట్టుకోదగ్గ రంగం కాదిది. లాంప్రే పనిలో ఎక్కువ ఉద్యోగాలు అమెరికా కేంద్ర ప్రభుత్వానివి, అవి దాదాపుగా ఆ దేశ పౌరులకే. చదువు అయ్యాక ఇప్పటి నిబంధనల ప్రకారం ఏడాది, సైన్స్ పట్టా కాబట్టి మరో రెండేళ్లు పని చేయవచ్చు గానీ, వీసాకు పూచీ పడే యజమానులు ఈ రంగంలో అరుదు. పైగా 2025 ఫిబ్రవరిలో ఖర్చుల కోత పేరుతో లాంప్రే నియంత్రణలో ఉన్న కొందరు సిబ్బందిని తీసేసి, విమర్శలు వచ్చాక మళ్లీ తీసుకున్నారు. స్వదేశీయులకే అలా ఉంటే, బయటి నుంచి వెళ్లిన అమ్మాయి సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ నేర్చుకుని ఇక్కడికి తెచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం అంతకంటే మంచి బడి లేదు. 2030 నాటికి పరాయి జీవుల రాకను, పాతుకుపోవడాన్ని సగానికి తగ్గించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందంలో భారత్ కూడా ఉంది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ప్రతి రాష్ట్రానికీ పని తెలిసిన మనుషులు కావాలి.

మేత కంపెనీ ఉద్యోగం గురించి. అది ఓడిపోయినవాళ్ల దారి అని అమ్మాయి అనుకుంటూ ఉంటే ఆ అభిప్రాయం మార్చుకోవాలి. రెండు మూడేళ్లు ఆ పని చేస్తే జిల్లాలోని వందల చెరువులు తిరుగుతుంది. సీడ్ (చేప పిల్లలు) ఎక్కడి నుంచి వస్తోంది, ఏ రైతు ఏం కలిపి వేస్తున్నాడు, తూము దగ్గర వల కడుతున్నాడా లేదా, ఇవన్నీ ప్రయోగశాలలో కూర్చుంటే తెలియవు. పరాయి చేప లోపలికి వచ్చే దారులు ఇవే కదా. పీజీ సీటు మొదటి ఏడాది రాకపోతే ఆ ఉద్యోగంలో చేరి మళ్లీ రాయవచ్చు. ఫెలోషిప్‌కు కావలసిన అనుభవమూ అక్కడే పోగవుతుంది.

ఇక మీరు చేయగలిగింది ఒకటుంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆమెను ఊళ్లో మత్స్యకారులకు పరిచయం చేయండి. వాళ్లు ఒడ్డుకు తెచ్చిన వలలో దెయ్యం చేపలు ఎన్ని, ఎంత పొడవు, ఏ రోజు, ఎక్కడ అన్నది ఫోటోతో సహా ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఫోటోలను ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెట్టవచ్చు. సరస్సు లోపలికి దిగి తనే నమూనాలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అది లేకుండా వెళ్లనివ్వవద్దు. మీ చెరువు తూముకు సన్నకన్ను వల కట్టండి, సీడ్ దించేటప్పుడు ఆమెను పక్కన నిలబెట్టి అందులో కలిసిన పరాయి చేపలను ఏరించండి. దొరికిన పరాయి చేపను బతికుండగా కాలువలో వేయవద్దు.

నాలుగో సంవత్సరంలో వాళ్లకు పల్లెల్లో, పరిశ్రమల్లో శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణకు హేచరీని గానీ, వీలైతే విజయవాడలోని సీఐఎఫ్ఏ (కేంద్ర మంచినీటి జలజీవుల పెంపకం సంస్థ) ప్రాంతీయ కేంద్రాన్ని గానీ కోరుకోమని చెప్పండి. కోరితే వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి, కళాశాలలో ఈ విషయం చూసే అధ్యాపకుడిని ఈ సెమిస్టరులోనే కలవాలి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లమనండి.