ప్రొజెక్టర్ మోటార్ తిరుగుతున్నా ఫిల్మ్ కదలకపోతే

స్విచ్ వేస్తే మోటార్ శబ్దం వస్తోంది, బల్బు వెలుగుతోంది, ఫిల్మ్ మాత్రం కదలడం లేదు, తాతగారి పెళ్లి రీళ్లు ఎలాగైనా చూడాలి అని అడిగారు. అన్నిటికంటే ముందు, ఆ రీళ్లను తీసి పక్కన పెట్టండి. మెషీన్ పూర్తిగా బాగయ్యేదాకా వాటిని అందులో పెట్టకండి. ఇళ్లలో తీసుకున్న 8 ఎం.ఎం. ఫిల్ముల్లో ఎక్కువ భాగం రివర్సల్ రకం. అంటే అప్పుడు కెమెరాలో తిరిగిన ఫిల్మే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది. దానికి వేరే నెగటివ్ ఉండదు. మోటార్ నుంచి ఫిల్మ్ నడిపే భాగాలను తిప్పే బెల్టు తెగితే ఇంకోటి వేసుకోవచ్చు, ఆ పెళ్లి ఫిల్మ్ చిరిగితే ఎక్కడి నుంచీ తెచ్చుకోలేం.

మా నాన్నగారి సూపర్ 8 (8 ఎం.ఎం.లోనే ఒక రకం) ప్రొజెక్టర్ కూడా చాలా ఏళ్లు అటక మీద ఉండి, సరిగ్గా మీరు చెప్పినట్టే చేసింది. ప్లగ్ తీసి వెనక మూత విప్పి చూస్తే, బెల్టు ఉండాల్సిన చోట నల్లటి జిగురు ఉంది. పాత రబ్బరు బెల్టులు కొన్ని కాలం గడిచేకొద్దీ కరిగి తారులా అయిపోతాయి. పుల్లీ గాడిలో అంతా అదే, కింద రేకు మీద కూడా చుక్కలు పడి ఉన్నాయి. వేలితో తాకితే తీగలు తీగలుగా సాగింది, చేతికి అంటిన మరక సబ్బుతో ఒక పట్టాన వదల్లేదు. మీ దాంట్లోనూ ఇదే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. గ్లవ్స్ వేసుకుని, ఇయర్ బడ్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఓపికగా తుడవండి. అసిటోన్ మాత్రం వాడొద్దు, ప్లాస్టిక్ భాగాలు పాడవుతాయి. గాడిలో పిసరంత జిగురు మిగిలినా కొత్త బెల్టు జారుతుంది లేదా ఎగిరెగిరి తిరుగుతుంది.

కొత్త బెల్టు కొలత కోసం రెండు పుల్లీల చుట్టూ దారం చుట్టి చూడండి. రబ్బరుది అయితే ఆ పొడవుకు 5 నుంచి 10 శాతం తక్కువ ఉన్నది సరిపోతుంది. మరీ బిగుతుగా వేస్తే మోటార్ బేరింగ్ మీద భారం పడుతుంది. మోడల్ నంబర్‌తో వెతికితే చాలా మెషీన్లకు సరైన బెల్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

బెల్టు వేశాక వెంటనే స్విచ్ వేయకండి. ప్లగ్ తీసే ఉంచి, పుల్లీనో చేతితో తిప్పే నాబ్‌నో మెల్లగా తిప్పండి. పాత గ్రీజు గట్టిపడితే లోపలి భాగాలు బిగుసుకుంటాయి. అప్పుడు బలవంతంగా మోటార్ నడిపితే ప్లాస్టిక్ గేర్లు విరగొచ్చు, మోటారే కాలిపోవచ్చు. ఎండిన గ్రీజు తుడిచి, ఇరుసుల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ఎక్కువైతే అది ఎగిరి ఫిల్మ్ మీద పడుతుంది. వోల్టేజ్ సెలెక్టర్ మీ కరెంటుకు తగ్గట్టు ఉందో లేదో కూడా చూసుకోండి. కాలిన వాసన వచ్చినా, వైరు తొడుగు పగిలినట్టున్నా అక్కడితో ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. కరెంటును దాచుకునే కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. బల్బు మార్చాల్సి వస్తే పాతదాని మీద ఉన్న వోల్టులు, వాట్లే ఉండాలి, హాలోజన్ గాజును వట్టి చేత్తో తాకకూడదు.

ఇక గేట్. నా దృష్టిలో అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. లెన్స్ వెనక, ఫిల్మ్ ఆగి ఆగి కదిలే సన్నటి దారి అది. అక్కడ పాత ఫిల్ముల నుంచి రాలిన పొర పేరుకుని గోధుమరంగు గారలా గట్టిపడుతుంది. చూడ్డానికి ఆవగింజంత ఉంటుంది గానీ, రీల్ మొదటి నుంచి చివరిదాకా ఒకే గీత గీసేస్తుంది. ఆల్కహాల్‌తో నానబెట్టి చెక్క టూత్‌పిక్‌తో తీయండి. స్క్రూడ్రైవర్, బ్లేడు లాంటివి వద్దు, అవి చేసిన గాటు కూడా ఫిల్మ్‌ని గీస్తూనే ఉంటుంది. తర్వాత పనికిరాని ఫిల్మ్ ముక్క ఒకటి సంపాదించి దాన్నే మళ్లీ మళ్లీ నడిపి, లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. కొత్త గీతలు పడటం పూర్తిగా ఆగేదాకా పెళ్లి రీల్ జోలికి వెళ్లొద్దు.

మీ రీళ్లు ఏ రకమో చూశారా? 1932లో వచ్చిన రెగ్యులర్ 8కి, 1965లో వచ్చిన సూపర్ 8కి ఫిల్మ్ వెడల్పు ఒకటే. రంధ్రాలు వేరు. రెగ్యులర్ 8లో అవి పెద్దవిగా, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటాయి. సూపర్ 8లో చిన్నవిగా, ఫ్రేమ్ మధ్యకు ఎదురుగా ఉంటాయి. ఒకదాని కోసం చేసిన ప్రొజెక్టర్‌లో ఇంకోటి పెడితే రంధ్రాలు చిరుగుతాయి. రెండూ నడిపే మెషీన్లలో మార్చే మీట ఉంటుంది.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్మ్‌కి ఆధారంగా ఉన్న ఎసిటేట్ అనే ప్లాస్టిక్ రసాయనికంగా పాడవుతోందని అర్థం. ఆ రీల్‌ని మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. వంకరపోయినా, పెళుసుబారినా, కుదించుకుపోయినా ప్రొజెక్టర్‌లో వద్దు, నేరుగా స్కానింగ్‌కి (ఫిల్మ్‌ని డిజిటల్ వీడియోగా మార్చడానికి) ఇవ్వండి. బాగున్న రీళ్లను కూడా ముందు స్కాన్ చేయించాకే నడపమని నా సలహా. మేమూ అలాగే చేశాం. ఆ తర్వాత తెర మీద చూస్తే వచ్చే ఆనందం ఫోన్‌లో రాదు, అందుకే ఈ మరమ్మతుకు పడే శ్రమ దండగ కాదంటాను.

నడిపే రోజున సూపర్ 8 అయితే వేగం సెకనుకు 18 ఫ్రేముల దగ్గర పెట్టండి. 50 అడుగుల రీల్ 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది. నచ్చిన దృశ్యం దగ్గర ఆపి చూడాలనిపిస్తుంది గానీ ఆపకండి, వేడికి ఆ ఫ్రేమ్ ఉబ్బి కాలిపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. మా అమ్మ ఒక్కో ముఖం కనబడగానే "వీడు మా చిన్నాన్న కొడుకు" అంటూ చెప్పుకుపోయింది. ఆ పేర్లు మాలో ఇంకెవరికీ తెలియవు. అవన్నీ ఏ రీల్‌లోవో కాగితం మీద రాసి అదే రోజు డబ్బాలకు అంటించేయండి.