పాత వీడియో గేములు ఆడుతూ వాటి గురించి రాసే అలవాటును పిల్లల చేత మాన్పించాలా?

ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయి తాను పుట్టకముందు వచ్చిన వీడియో గేములు ఆడుతూ, ఆడిన ప్రతిదాని గురించీ పేజీలకొద్దీ రాస్తున్నాడనీ, దీన్ని ప్రోత్సహించాలో మాన్పించాలో తేల్చుకోలేకపోతున్నాననీ మీరు అడిగారు. నేనూ ఇంటర్‌లోనే ఈ పని మొదలుపెట్టి, ఇంజనీరింగ్ చదువుతున్న ఇప్పటికీ కొనసాగిస్తున్నాను. మాన్పించవద్దనే చెబుతాను. ముఖ్యంగా రాయడాన్ని అసలు మాన్పించవద్దు.

మా మేనమామ 1990లలో కోఠిలో కొన్న వీడియో గేమ్ ఒకటి అమ్మమ్మగారింటి అటక మీద ఉండేది. నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రానికి అనధికారిక నకలుగా ఆ రోజుల్లో మన బజార్లలో దొరికిన రకం అది. దానితో వచ్చిన తుపాకీ పట్టుకొని డక్ హంట్ ఆడితే, మా ఇంట్లోని ఎల్‌ఈడీ టీవీ మీద ఎంత గురిచూసి కాల్చినా ఒక్క బాతూ పడలేదు. అమ్మమ్మగారి పాత డబ్బా టీవీకి తగిలిస్తే అదే తుపాకీ చక్కగా పనిచేసింది. కారణం వెతికి రాసినదే నా మొదటి వ్యాసం. ఆ తుపాకీ నుంచి ఏదీ వెలువడదు, అది కేవలం వెలుగును గమనిస్తుంది. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రమే తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకీ మొనకు ఆ వెలుగు తగిలితే గురి కుదిరినట్టు లెక్క. పాత టీవీ సంకేతం అందిన వెంటనే బొమ్మ గీస్తుంది. కొత్త టీవీ ఆ బొమ్మను సవరించి కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కనుక, వెలుగు కనిపించేలోపే గురి తప్పిందని యంత్రం తేల్చేస్తుంది. ఊరికే ఆడి ఉంటే తుపాకీ పాడైందనుకొని పక్కన పడేసేవాణ్ని. ఇతరులకు అర్థమయ్యేలా రాయాలనుకోవడం వల్లనే చివరిదాకా వెతికాను.

ఆనాటి యంత్రాలు ఒక విద్యార్థి పూర్తిగా అర్థం చేసుకోగలిగినంత చిన్నవి కావడం ఈ అభిరుచిలోని గొప్ప సౌకర్యం. ఫ్యామికామ్‌లో ప్రాసెసర్ వాడుకునే ర్యామ్ (తాత్కాలిక మెమరీ) 2 కిలోబైట్లే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు కలిసిరావడానికి అందులో మేఘాలకూ పొదలకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటలో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారు వేగంగా కదలడానికి కారణం, గీయవలసిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్ మీద భారం తగ్గడమే. రూపకర్త తొమోహిరో నిషికాదో అది గమనించి, ఆట రక్తి కడుతుందని అలాగే ఉంచారు. ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ (కంప్యూటర్ లోపలి నిర్మాణం) పాఠాలు మొదలైనప్పుడు నాకు అవి కొత్తగా అనిపించలేదు.

ఇక చదువు సంగతి. పరీక్షల నెలల్లో ఆట పూర్తిగా ఆపి, సెలవుల్లో రాసుకొనే ఒప్పందం మా ఇంట్లో బాగానే నడిచింది. ఆటలు పాతవైనా కాపీహక్కులు చాలావాటికి ఇంకా అమలులోనే ఉంటాయి కాబట్టి, సంస్థలు తిరిగి విడుదల చేసిన సంకలనాలు కొనుక్కోవడం మంచిది. అయితే అన్నీ అలా దొరకవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం ఇప్పుడు కొనడానికి అందుబాటులో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తన అధ్యయనంలో తేల్చింది. ఈ పరిస్థితిలో ఒక ఆట ఎలా ఉండేదో, ఏ యంత్రం మీద ఎలా నడిచేదో శ్రద్ధగా రాసిపెట్టడం నిజంగా అవసరమైన పని.

మన ఊళ్ళలో గంటకింత అని తీసుకొని వీడియో గేములు ఆడించిన దుకాణాల గురించీ, చేతులు మారిన క్యాసెట్ల గురించీ మీ తరానికి తెలిసినంత మీ అబ్బాయికి తెలియదు. మీరు ఆడినవి, చూసినవి అతనికి చెప్పి, వాటిని తెలుగులో రాయమనండి; రాశాక చదివి, అర్థం కాని చోట ప్రశ్నలు అడగండి.