అమ్మమ్మ పెళ్ళిచీర రంగు యాప్‌కెలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళి ఫోటో ఒక్కటే మిగిలిందండి, 1958 నాటి బ్లాక్ అండ్ వైట్. కాగితం పచ్చబడింది, తాతయ్య భుజం మీద ఓ మరక కూడా ఉంది. అమ్మమ్మ ఎనభై అయిదో పుట్టినరోజుకి కలర్ చేయించి సర్‌ప్రైజ్ ఇద్దామని ఫోన్లో యాప్‌లో పెడితే చీర నీలంగా వచ్చింది, అమ్మమ్మ మొహం ఇంకెవరిదోలా ఉంది. మాయాబజార్ మొత్తానికి రంగులేశారు కదా, ఈ ఒక్క ఫోటోకి కుదరదా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎందుకు కుదరదమ్మా, కుదురుతుంది. కాకపోతే యాప్‌ని అడిగారు గానీ అమ్మమ్మని అడగలేదు చూడండి, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ ఫోటోలో రంగనేదే లేదు, ఎక్కడ ఎంత వెలుతురు పడిందన్నదే ఉంది. ఎరుపు చీరా, ఆకుపచ్చ చీరా రెండూ ఒకే బూడిదరంగులో పడొచ్చు. యాప్ చేసేదేంటంటే తను నేర్చుకున్న లక్షల ఫోటోల్లో అలాంటి బట్ట ఎక్కువగా ఏ రంగులో ఉందో చూసి అది పూసేస్తుంది, ఎటూ తేలకపోతే ఓ మట్టిరంగు కొట్టి ఊరుకుంటుంది. దానికి మధుపర్కాలేంటో, మొహానికి పసుపు రాయడమేంటో ఏం తెలుసు పాపం. 1957లో వచ్చిన మాయాబజార్‌కి 2010లో రంగులొచ్చాయంటే వెనక మనుషులు కూచుని ఏది ఏ రంగో తేల్చుకున్నారు కాబట్టే.

అందుకని సర్‌ప్రైజ్ సగం వదిలేసుకోండి. ఏదో మాటల్లో పెట్టి అడిగెయ్యండి, చీర ఏ రంగు, అంచు ఏ రంగు, జాకెట్టు చీరలోదేనా వేరేదా, జడలో పెట్టినవి కనకాంబరాలా మల్లెలా, తాతయ్య కండువాకి జరీ ఉందా అని. ఆవిడ చెప్పడం మొదలుపెడితే మీరు ఫోన్లో రికార్డు చేసుకోండి, రాసుకోవడం కుదరదు. ఇంకోటి, ఆ రోజుల్లో కొన్ని స్టూడియోల్లో ఆర్థోక్రోమాటిక్ రకం ఫిల్మ్ వాడేవాళ్ళు, దానికి ఎరుపు కనపడదు, కుంకుమబొట్టు నల్లగా పడుతుంది, ఎర్రంచు కూడా అంతే. కాబట్టి బొట్టు నల్లగా ఉందని నల్లగానే వదిలెయ్యకండి. మచ్చలు తుడిచే ఆప్షన్ ఒక్కోసారి బొట్టునీ ముక్కుపుడకనీ కూడా మచ్చే అనుకుని తుడిచేస్తుంది, చూసుకోండి.

ఇక పని సంగతి. ఫోటోని ఫ్లాట్‌బెడ్ స్కానర్ (అద్దం మీద బోర్లించి స్కాన్ చేసేది) మీద 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు), బ్లాక్ అండ్ వైటే అయినా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేయించి టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గకుండా దాచే రకం) తీసుకోండి. కలర్‌లో ఎందుకంటే స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు విడివిడిగా ఉంటాయి, వాటినే ఛానల్స్ అంటారు; పసుపురంగు మరక బ్లూ ఛానల్‌లో బాగా నల్లగా, రెడ్ ఛానల్‌లో చాలా పల్చగా కనిపిస్తుంది, ఆ రెడ్ ఛానల్ ఒక్కటీ తీసుకుని పని మొదలెడితే తాతయ్య భుజం మీద మరక సగానికి సగం దానంతటదే పోతుంది. ఫైలు వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు ఫోటోలా పంపితే నలిపి చిన్నది చేసేస్తుంది.

మొహం మారిపోవడం ఎందుకంటే కొన్ని యాప్‌లు రంగుతో ఆగవు, ఎన్‌హాన్స్ పేరుతో కళ్ళూ ముక్కూ కొత్తగా గీసేస్తాయి. అది ఆఫ్ చెయ్యండి. తర్వాత ఫోటోషాప్ గానీ ఫ్రీగా దొరికే ఫోటోపీ గానీ తెరిచి, కింద ఇందాకటి రెడ్ ఛానల్ స్కాన్, దాని మీద యాప్ ఇచ్చిన రంగుల ఫోటో సైజు సరిపోయేట్టు పెట్టి, పై లేయర్ (అంటే పైన పెట్టిన ఆ పొర) మోడ్ 'కలర్' అని మార్చండి. అప్పుడు పైనుంచి రంగు మాత్రమే దిగుతుంది, వెలుగునీడలు పాతవే ఉంటాయి కాబట్టి మొహం అమ్మమ్మదే ఉంటుంది. నీలం చీర మీద ఇంకో లేయర్ అదే మోడ్‌లో వేసి అమ్మమ్మ చెప్పిన రంగు బ్రష్‌తో దిద్దుకోండి. పూర్తి తెల్లగా ఉన్నచోట ఈ మోడ్‌లో రంగు ఎక్కదు, కంగారు పడకండి, అక్కడ మోడ్ 'మల్టిప్లై' పెట్టి చాలా లేతగా వెయ్యండి. ఒంటిరంగు ఒకే ముద్దగా పూస్తే మైనం బొమ్మలా ఉంటుంది, బుగ్గలకీ చేతులకీ కాస్త తేడా ఉండాలి. అసలే పాత స్టూడియోవాళ్ళు చేత్తో రంగులద్దేటప్పుడు తగుమాత్రం గులాబీ అద్ది ఆపేసేవాళ్ళు, ఇప్పటి యాప్‌లకి ఆ ఆపడమే రాదు.

ప్రింట్ తీయించేటప్పుడు బ్లాక్ అండ్ వైట్‌ది కూడా ఒకటి శుభ్రం చేసి తీయించండి. ఎందుకో తెలీదు గానీ ఈ వయసువాళ్ళు చాలామంది దాన్నే ముందు చేతిలోకి తీసుకుంటారు.

ప్రశ్న: మా నాన్నగారి పాత ఫోటో ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీసి స్కాన్ చేయించొచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు బాబూ, లాగొద్దు. ఫోటో మీద ఉండే జెలటిన్ పొర చెమ్మకి మెత్తబడి అద్దాన్ని పట్టేసుకుంటుంది, లాగితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. నీళ్ళు చల్లడం, హెయిర్ డ్రయర్ పెట్టడం లాంటివి అసలొద్దు. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి చూడండి, కుదరకపోతే అద్దం పైన పొడిబట్టతో తుడిచి, వరండాలో నీడపట్టున నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయండి. మీ వెనక ఎవరినైనా నల్లదుప్పటి పట్టుకోమంటే మీ వెనకున్న వెలుతురు అద్దంలో మెరవదు.